ఫ్లూరీ, వొకువా: యుద్ధం మింగిన రెండు ఫ్రెంచి పల్లెలు
ఫ్రాన్సులోని మ్యూజ్ జిల్లాలో, వెర్దూన్ కోటల చెంత ఉండిన ఫ్లూరీ, అర్గోన్ ప్రాంతంలో గుట్టమీద వెలసిన వొకువా, రెండూ మొదటి ప్రపంచయుద్ధానికి ముందు సేద్యం మీద బతికిన చిన్న ఊళ్ళే. 1916 వేసవిలో ఫ్లూరీ 16 సార్లు చేతులు మారి నేలమట్టమైంది. వొకువాను సొరంగాల్లో పెట్టిన మందుపాతరలు మింగాయి. 1916 మే 14న జర్మన్లు పేల్చిన 60 టన్నుల మందుకు 108 మంది ఫ్రెంచి సైనికులు బలైనారు. గుట్ట నడినెత్తిన ఊరున్న చోట నేడు లోతైన గుంతలే ఉన్నాయి.

యుద్ధం ముగిశాక వొకువా గుట్ట దిగువన మళ్ళీ వెలిసింది. పేలని గుండ్లు నిండిన ఫ్లూరీ పొలాల్లో మాత్రం, నాగలి సాగదని తేలి, చెట్లు నాటారు. నా మనసు ఎక్కువగా కలచివేసేది ఫ్లూరీయే: నివాసి ఒక్కరూ లేకున్నా ఆ ఊరికి నేటికీ మేయరు పదవి ఉంది, చెట్ల మధ్య బడి, రొట్టెల దుకాణం ఉండిన చోట్లను చిన్న గుర్తులు చూపుతున్నాయి.