షాపింగ్ సైట్‌ని మానవ హక్కుల లెక్కన చూడాలంటే ఏది మేలు: 1948 ప్రకటనా, ఐక్యరాజ్యసమితి సూత్రాలా, మన చట్టాలా?

ఒక ఆన్‌లైన్ షాపింగ్ సైట్ ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే మనం చెప్పేది రేట్లు, డెలివరీ టైం, రిటర్న్ తీసుకుంటారా లేదా, అంతవరకే. ఆ సైట్ మనుషుల హక్కుల్ని గౌరవిస్తోందా అని మాత్రం ఎవరం అడగం, ఎందుకంటే మానవ హక్కులు అనగానే మనకి లాకప్‌లు, కమిషన్లు, కోర్టులు గుర్తొస్తాయి గానీ చీర కొనే పేజీ గుర్తురాదు. కానీ ఆ పేజీలో మన ఫోన్ నంబరు, అడ్రస్, కార్డు వివరాలు ఉంటాయి, దాని వెనకాల నేసినవాళ్లు, ప్యాక్ చేసినవాళ్లు, ఎండలో బండి మీద తెచ్చిచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ ఆ సైట్ వల్ల మంచైనా చెడైనా జరుగుతుంది కాబట్టి చూడాల్సిందే అని నా గట్టి నమ్మకం.

దేన్ని పట్టుకుని చూడాలి అన్నదే ప్రశ్న. మామూలు మనిషికి అందుబాటులో ఉన్నవి మూడు: 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, 2011లో వచ్చిన ఐక్యరాజ్యసమితి వ్యాపారం-మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు, మన దేశం చట్టాలు. గాల్లో మాట్లాడుకోకుండా "నేరుగా నేతన్న దగ్గర్నుంచి" అని పెద్దక్షరాలతో పెట్టుకుని పోచంపల్లి, మంగళగిరి, గద్వాల చీరలు అమ్మే ఒక సైట్‌ని అనుకుందాం, ఇలాంటివి బోలెడు ఉన్నాయి కాబట్టి పేరు అక్కర్లేదు.

ముందు మన చట్టాలు, ఎందుకంటే వీటితో పని త్వరగా అవుతుంది. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, హోదా, కాంటాక్ట్ వివరాలు పెట్టాలి, కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మన చీరల సైట్‌లో "కాంటాక్ట్ అస్" నొక్కితే ఒక వాట్సాప్ నంబర్, "మెసేజ్ చేయండి" అన్న లైను తప్ప ఇంకేం లేకపోతే అక్కడికక్కడే మొదటి తప్పు దొరికినట్టు. తర్వాత చెకౌట్ పేజీకి వెళ్లండి, చీర 6,800, దాని కింద గిఫ్ట్ ప్యాకింగ్ 99 అని ముందే టిక్ పెట్టేసి ఉంటుంది, మనం చూసుకోకపోతే ఆ 99 కూడా పోతుంది. ముందే టిక్ పెట్టి ఒప్పుకున్నట్టు లెక్కేసుకోవడం ఆ రూల్సే కుదరదన్నాయి, పైగా 2023 నవంబర్ 30న సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని తప్పుదారి పట్టించే వెబ్‌సైట్ ఎత్తుగడలు) గైడ్‌లైన్స్‌లో 13 రకాల మోసాల్ని పేర్లు పెట్టి మరీ చెప్పారు, మనం అడక్కుండా బుట్టలో వస్తువు దూర్చడం వాటిలో ఒకటి, "ఇంకా 2 చీరలే ఉన్నాయి" అని లేని తొందర పెట్టడం ఇంకొకటి. ఆ చీర పేజీని నాలుగు రోజుల తర్వాత మళ్లీ తెరవండి, అప్పుడూ ఇంకా 2 చీరలే అంటోందంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫోన్ చేసేటప్పుడు పనికొస్తుంది.

ప్రైవసీ విషయంలో కూడా మన చట్టం ఇప్పుడు గట్టిగానే ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచి 2017 ఆగస్టు 24న చెప్పాక, దాని మీద నడిచి నడిచి 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేసి కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల టైం ఇచ్చారు. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, మీ వివరాలు ఎందుకు తీసుకుంటున్నాం అని ఇచ్చే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి, అంటే ఆ 18 నెలల టైం అయ్యాక తెలుగులో అడిగే హక్కు మనకి ఉంటుంది. ఒప్పుకోవడం ఎంత సులువో ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి అని కూడా ఉంది, కాబట్టి అకౌంట్ తెరవడం ఒక్క ఓటీపీతో అయిపోయి, మూసేయడానికి మాత్రం మెయిల్ పెట్టు, ఐడీ పంపు, పదిహేను రోజులు ఆగు అంటే అది చట్టం చెప్పిన దారి కాదు. చీర కొనడానికి పుట్టిన తేదీ, ఫోన్‌లోని కాంటాక్ట్స్ ఎందుకు అని కూడా అడగొచ్చు.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకోటి. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే ఒక ఫ్రెండ్ పక్కన కూర్చుని ఇలాంటి సైట్ ఒకటి విన్నాను, చీర ఫోటో దగ్గరికి రాగానే రంగు లేదు, అంచు ఎలా ఉందో లేదు, "ఐఎంజీ అండర్‌స్కోర్" అని ఏదో నంబర్ చదువుతుంది, "కొనండి" బటన్ దగ్గర అయితే ఉత్తి "బటన్" అంటుంది. చీర కొనుక్కోవాలని డబ్బుతో వచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపేయడమే కదా ఇది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకీ వర్తిస్తుంది, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో గుర్తింపు తేల్చే ఈ-కేవైసీలో కళ్లు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగం అని తేల్చి చెప్పింది. ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకుని ఒక ఆర్డర్ పెట్టడానికి ట్రై చేయండి.

ఇంతవరకు బానే ఉంది, కానీ గమనించారా, ఇప్పటిదాకా మనం మాట్లాడింది అంతా కొనేవాళ్ల గురించే. కన్స్యూమర్ చట్టానికి కనపడేది కన్స్యూమరే. చీర నేసినాయనకి డబ్బులు మూడు నెలలు ఆగితే ఈ రూల్స్‌కి అది పట్టదు. యాప్‌ల మీద డెలివరీ చేసేవాళ్ల కోసం 2020 నాటి సోషల్ సెక్యూరిటీ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి అంది, మంచిదే, కానీ ఆర్డర్‌కి ఎంత ఇవ్వాలి, రోజుకి ఎన్ని గంటలు అన్నది అందులో లేదు.

ఇక 1948 ప్రకటన. డిసెంబర్ 10న పారిస్‌లో ఆమోదించారు, 30 ఆర్టికల్స్, మొత్తం అరగంటలో చదివేయొచ్చు. మొదటి ఆర్టికల్‌లో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చే మాట తీయించి "మనుషులందరూ" అని మార్పించింది మన దేశం ప్రతినిధి హంసా మెహతా, ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు, తెలియాలి. ఈ ప్రకటన గొప్పతనం ఏంటంటే మనం మర్చిపోయేవాటిని గుర్తుచేస్తుంది: 12 ప్రైవసీ, 23 న్యాయమైన కూలి, 24 విశ్రాంతి. 27వ ఆర్టికల్ రెండో భాగం చూడండి, తను సృష్టించిన కళ మీద వచ్చే నైతిక, ఆర్థిక ప్రయోజనం ఆ మనిషికి దక్కాలి అంటుంది. ఇక్కడ ఆగి మన చీరల సైట్‌కి వెళ్దాం. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అన్న చట్టపరమైన గుర్తింపు ఉంది, నూలుకి ముందే ముడులు కట్టి రంగు వేసి, మగ్గం మీద ఆ రంగులు ఒకదానికొకటి సరిగ్గా కూర్చునేలా నేస్తారు, అందుకే డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, చీర తిప్పి చూస్తే వెనక కూడా అదే రంగు కనపడుతుంది. అదే డిజైన్‌ని పాలిస్టర్ మీద ప్రింట్ కొట్టి "పోచంపల్లి ప్రింట్" అని 700కి అదే సైట్‌లో పక్క పేజీలో అమ్ముతుంటే, హోంపేజీలో మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన ఫోటో ఎందుకు పెట్టినట్టు? ఆయన పేరేంటి, ఫోటో వాడుకుంటామని ఆయన్ని అడిగారా? ఈ ప్రశ్నలు 1948 ప్రకటన చదివితేనే వస్తాయి. కానీ దాని లోపం కూడా చెప్పాలి, అది ముఖ్యంగా ప్రభుత్వాల్ని ఉద్దేశించి రాసింది, పీఠికలో "సమాజంలోని ప్రతి అంగం" అన్న మాట ఉంది కాబట్టి కంపెనీలూ అందులోకి వస్తాయని వాదించొచ్చు, కానీ కంపెనీ ఏం చేయాలి, ఎలా తెలుసుకోవాలి అన్నది అందులో లేదు.

ఆ ఖాళీని పూరించినవి ఐక్యరాజ్యసమితి సూత్రాలు. హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ రగ్గీ ఆరేళ్లు పనిచేసి తయారుచేసిన 31 సూత్రాలు, 2011 జూన్ 16న మానవ హక్కుల మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రభుత్వం కాపాడాలి, కంపెనీ గౌరవించాలి, నష్టపోయినవాళ్లకి పరిహారం దారి ఉండాలి, ఇదీ దాని సారం. మనకి బాగా పనికొచ్చేవి 13, 16, 31. 13 ఏమంటుందంటే కంపెనీ స్వయంగా చేసిన నష్టమే కాదు, దాని వ్యాపార సంబంధాల ద్వారా దాని సరుకుకీ సేవకీ ముడిపడి ఉన్న నష్టం కూడా చూసుకోవాలి, అంటే "మగ్గాలు మావి కావు, మధ్యలో నేతన్నలకి పని ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్ ఉన్నాడు, కొరియర్ వేరే కంపెనీ" అని చేతులు దులుపుకోవడం కుదరదు. 16 ప్రకారం మానవ హక్కుల పాలసీ పైస్థాయిలో ఆమోదించి బయటికి పెట్టాలి, సప్లయర్ల నుంచి ఏం ఆశిస్తున్నారో అందులో ఉండాలి. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉండి టాప్ 1000లోకి వస్తే పని ఇంకా సులువు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) రిపోర్టులో, ఆ రిపోర్టుకే ఉన్న అయిదో సూత్రం కింద మానవ హక్కుల ఫిర్యాదులు ఎన్ని, కనీస వేతనం ఎంతమందికి అన్న లెక్కలు ఉంటాయి, సైట్‌లోని తియ్యటి మాటల పక్కన ఆ లెక్కలు పెట్టి చూడొచ్చు.

31వ సూత్రం నా దృష్టిలో అన్నిటికంటే పదునైనది. ఫిర్యాదు వ్యవస్థ ఎలా ఉండాలో ఎనిమిది గుణాలు చెప్తుంది, నమ్మదగ్గదిగా, అందుబాటులో, ఎన్ని రోజుల్లో ఏం జరుగుతుందో ముందే తెలిసేలా, పారదర్శకంగా, అలా. ఇప్పుడు మన సైట్ కంప్లైంట్ ఫాం తెరవండి. పేరు, ఫోన్, దాని కింద ఎర్ర చుక్కతో "ఆర్డర్ నంబర్", అది నింపకపోతే సబ్‌మిట్ కాదు. నేసినాయనకి ఆర్డర్ నంబర్ ఉండదు. ఫోటోలో ఉన్న పెద్దాయనకి ఉండదు. గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే అమ్మాయి సూపర్‌వైజర్ మీద చెప్పుకోవాలంటే ఆమెకీ ఉండదు. ఆ ఒక్క గడి చూస్తే ఆ కంపెనీ ఎవరి మాట వినడానికి రెడీగా ఉందో, ఎవరు అసలు లెక్కలోనే లేరో అర్థమైపోతుంది, పది పేజీల పాలసీ చదివినా ఇంత తెలీదు.

అయితే ఈ సూత్రాలకి చట్టం బలం లేదు, పాటించకపోతే జరిమానా లేదు, పాలసీ పేజీ ఎవరైనా కాపీ కొట్టి పెట్టుకోవచ్చు, ఇది నిజమే. కాబట్టి మీకు డబ్బు పోయింది, డేటా పోయింది, రిటర్న్ తీసుకోవట్లేదు అంటే మాత్రం మన చట్టాలే మేలు, వేరే ఆలోచన వద్దు. ఒక సైట్‌ని మొత్తంగా అంచనా వేసి ఇక్కడ కొనొచ్చా, మా కాలేజీకో మా సంఘానికో దీంతో ఒప్పందం పెట్టుకోవచ్చా అని తేల్చాలంటే నేను ఐక్యరాజ్యసమితి సూత్రాలకే ఓటేస్తాను, కంపెనీ ఏం చేయాలో చెప్తూ కొనని మనుషుల్ని కూడా చూసేవి అవే. 1948 ప్రకటనని ముందు ఒకసారి చదివి పక్కన పెట్టుకోండి, ఏ హక్కు మర్చిపోయామో చూసుకోవడానికి.

ఒక్క విషయం, చిన్నవాళ్లని పెద్దవాళ్లతో సమానంగా కొలవకండి. ఊళ్లో చేనేత సొసైటీ నడుపుకునే చిన్న సైట్‌కి పాలసీ డాక్యుమెంట్, లీగల్ టీం ఉండవు, 14వ సూత్రం కూడా బాధ్యత అందరికీ ఒకటే కానీ పద్ధతి కంపెనీ సైజుని బట్టి ఉంటుంది అనే చెప్తుంది. అలాంటిచోట ఫోన్ చేసి అడిగితే చాలు: చీరకి కూలి ఎంత ఇస్తున్నారు, ఎన్ని రోజుల్లో ఇస్తున్నారు, ఫోటోలో ఉన్నావిడని అడిగి పెట్టారా, నా నంబర్ ఇంకెవరికైనా ఇస్తారా. చెప్పగలిగినవాళ్లు చెప్తారు, వాళ్ల దగ్గర కొనండి.