ఫిజీ వెళ్తే బీచ్ గదికి కాదు, బస్సుకి డబ్బు పెట్టండి

మేం ఆక్లాండ్‌లో ఉంటాం. విజయనగరం నుంచి అమ్మా నాన్నా వచ్చారు, పిల్లాడికి జులై సెలవులు. ఫిజీకి మూడు గంటల విమానమే, ఇండియా పాస్‌పోర్టుకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ. ఇంకేం ఆలోచించకుండా ఎనిమిది రోజులకి టికెట్లు తీసుకున్నాం. ఫిజీ డాలరు అప్పుడు మన లెక్కలో సుమారు 37 రూపాయలు.

మొదట, విమానం దిగే ఊరు నాడిలో మా లాడ్జి సంగతి. ఇది చెప్పకపోతే నా కోపం చల్లారదు. వైలోఅలోఅ బీచ్‌లో "సముద్రం ముందు ఫ్యామిలీ రూము, ఐదుగురికి, ఎయిర్‌పోర్టు పికప్‌తో" అని చూసి రాత్రికి 210 డాలర్ల చొప్పున మూడు రాత్రులు బుక్ చేశాను. ఫోటోలో తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు. వెళ్ళి చూస్తే ఇసుక బూడిదరంగు. అది ఆ బీచ్ సహజ రంగు, దానికి ఎవర్నీ అనను. కానీ మా కిటికీ తీస్తే ఎదురుగా జనరేటర్ షెడ్డు! సముద్రం కనబడాలంటే బాత్రూం కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడాలి. ఏసీ నుంచి నీళ్ళు కారి నాన్న మంచం పక్కన గచ్చంతా తడి. ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చి బకెట్ పెట్టి వెళ్ళాడు. మూడు రోజులూ ఆ బకెట్ అక్కడే ఉంది.

అమ్మ శాకాహారి. టిఫిన్‌కి ఆవిడకి దొరికింది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక బొప్పాయి ముక్క. "ఇంకేమైనా చేసిపెడతారా" అని అడిగితే కౌంటర్లో ఆవిడ తలెత్తకుండానే లేదంది. వెళ్ళేరోజు బిల్లు చూసి నా చేతులు వణికాయి. గది 630, పికప్ 50, అదనపు మంచం మూడు రాత్రులకి 120, కార్డుతో కడుతున్నందుకు నాలుగు శాతం అంటే 32. మొత్తం 832 డాలర్లు, అంటే ముప్పై వేల పైమాటే. ఐదుగురికని బుక్ చేసిన గదికి అదనపు మంచం డబ్బులేమిటని అడిగితే, "ఐదో మనిషి అంటే చంటిబిడ్డ అని మా లెక్క" అన్నాడు మేనేజరు. మా వాడికి తొమ్మిదేళ్ళు. మావారు "పోనీలే, విహారానికొచ్చి గొడవెందుకు" అన్నారు. ఆ మాటకి ఆయన మీద కూడా కోపం వచ్చింది. మీరు బుక్ చేస్తే మాత్రం ఏయే ఖర్చులు కలిశాయో ముందే మెయిల్లో రాయించుకోండి.

పడవలో మామనుథా దీవులకి వెళ్ళొచ్చిన రోజు హాయిగా గడిచింది. నీళ్ళు నిజంగానే ఫోటోల్లో ఉన్నట్టున్నాయి. అంతకంటే చెప్పడానికేం లేదు.

మామనుథా అంటే గుర్తొచ్చింది, అక్కడ రాసేదొకటి, పలికేదొకటి. ఇంగ్లీషులో సి రాసి థ అంటారు, డి రాసి ండ అంటారు. నాడి అని మనం చదివే ఊరిని వాళ్ళు నాండి అంటారు, సిగటోకాని సింగటోకా అంటారు. నాన్నకి ఇది తెగ నచ్చింది. బోర్డు కనబడ్డప్పుడల్లా పైకి చదివి పిల్లాడి చేత సరిచేయించుకునేవారు.

లాడ్జి నుంచి బయటపడ్డాక మా ప్రయాణమే మారిపోయింది. నాడి నుంచి రాజధాని సువాకి టాక్సీ 260 డాలర్లు అడిగాడు. బస్సులో ఐదుగురికీ కలిపి 88 అయింది. నాలుగు గంటల పైన దారి, చాలా దూరం ఒకవైపు సముద్రమే. బస్టాండులో రోటీ పార్సిళ్ళు కొన్నాం, ఒక్కొక్కటి మూడు డాలర్లు. కాగితంలో చుట్టిన పల్చటి రోటీ, లోపల బంగాళాదుంప, చిక్కుడు కూర. పొద్దుట్నుంచి ముభావంగా ఉన్న అమ్మ రెండు తిని, మూడోది సంచిలో పెట్టుకుంది. శాకాహారులు ఫిజీలో ఆకలితో ఉండక్కర్లేదు, హోటళ్ళు వదిలి బజారుకి వెళ్ళాలంతే. కూరగాయలు తూకం వేయరు, కుప్పలుగా పోసి అమ్ముతారు. రెండు డాలర్లకి ఒక కుప్ప వంకాయలు! చేమాకుని కొబ్బరిపాలలో ఉడికించే రౌరౌ మాత్రం తప్పక తినండి.

సువాలో వాన. మ్యూజియం ఒక పూటకి సరిపోతుంది. అక్కడి మార్కెట్లో ఒక గంట నిలబడితే ఈ దేశమేమిటో తెలుస్తుంది. ఈ చివర దుంపలు, కావా అనే పానీయం చేసుకునే వేళ్ళు అమ్మే ఇతౌకేయ్ స్త్రీలు, అంటే ఫిజీ మూలవాసులు, ఆ చివర పసుపు, జీలకర్ర పొట్లాలు కట్టే మనవాళ్ళు. ఊళ్ళో చైనావాళ్ళ దుకాణాలు. దూరంగా ఉన్న రోటుమా దీవి వాళ్ళది మళ్ళీ వేరే భాష. బనాబా దీవిని ఫాస్ఫేట్ కోసం తవ్వి పాడుచేసి, అక్కడి జనాన్ని 1945లో తెచ్చి ఫిజీలోని రాంబీ దీవిలో దింపారు. వాళ్ళూ ఈ దేశస్థులే ఇప్పుడు. చిల్లరలో ఏడు డాలర్ల నోటు వచ్చింది. 2016 ఒలింపిక్స్‌లో రగ్బీ బంగారు పతకం గెలిచినందుకు వేసిన నోటట. పిల్లాడు దాన్ని ఖర్చు పెట్టనివ్వలేదు. ఆదివారం ఏ పనీ పెట్టుకోకండి, కొట్లు చాలావరకు మూసేస్తారు, బస్సులు తక్కువ.

తిరిగి నాడి వచ్చాక ఊరి చివరి శివ సుబ్రహ్మణ్య స్వామి గుడికి వెళ్ళాం. గోపురం నిండా రంగులే, అచ్చం తమిళనాడు గుడే. లోపల ఫోటోలు తీయనివ్వరు. ప్రదక్షిణ చేస్తుంటే ఒక పెద్దావిడ అమ్మ చీర కొంగు పట్టుకుని చూసి, హిందీలో ఏ ఊరని అడిగింది. ఆవిడ ఇంటిపేరు చివర నాయుడు. తెలుగు రాదు. కానీ తన నాయనమ్మని అవ్వ అంటుంది. ఆ ఒక్క మాటకే అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టింది.

1879 నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా మనవాళ్ళని చెరకు తోటల కూలికి ఫిజీ తెచ్చారు. అయిదేళ్ళ అగ్రిమెంటు వాళ్ళ నోట గిర్మిట్ అయింది. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, అలా వచ్చిన పదిహేను వేల మందిలో గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల వాళ్ళున్నారు. ఇవన్నీ చదివి తెలుసుకున్నవే. ఆవిడ ఫోన్‌లో చూపించిన కాగితం మాత్రం వేరు. సువాలోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి వాళ్ళబ్బాయి తెప్పించిన వలస పాసు, అవ్వ తండ్రిది. పేరు, తండ్రి పేరు, వయసు 22, ఎడమ కాలి మీద మచ్చ. జిల్లా గడిలో విశాఖపట్నం. ఊరి గడిలో సిరా అలుక్కుపోయి, మొదట కె అక్షరం, చివర "వల్సా" అని మాత్రం కనబడుతోంది.

నాన్న బొబ్బిలి తాలూకాలో రెవెన్యూలో ముప్పై ఏళ్ళు చేశారు. ఆ పాసు రాసిన రోజుల్లో విశాఖ జిల్లాలోనే బొబ్బిలీ ఉండేది. కళ్ళజోడు మార్చుకుని, ఆ బొమ్మని పెద్దది చేసి, చిన్నది చేసి అరగంట చూశారు. మా వైపు వలసతో ముగిసే ఊళ్ళు ఎన్నో. ఆవిడకి మా మాటలు అర్థం కాకపోయినా ఆయన పెదాలనే చూస్తూ కూర్చుంది. సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళి పప్పు, వంకాయ కూర, అన్నం పెట్టింది. డబ్బులిస్తే కోప్పడింది. వాళ్ళబ్బాయి మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపి పెట్రోలుకి కూడా తీసుకోలేదు.

లాడ్జికి అదనపు మంచం డబ్బుల గురించి మూడు మెయిళ్ళు రాశాను, జవాబు లేదు. నాన్న మాత్రం బొబ్బిలిలో తనతో పనిచేసిన ఇద్దరికి రోజూ ఫోన్ చేస్తున్నారు. డైరీలో ఇప్పటికి కె తో మొదలయ్యే వలసలు ఏడు రాశారు, రెండు కొట్టేశారు.