మాంట్రియల్ ష్వార్ట్జ్‌లో స్మోక్డ్ మీట్ సాండ్‌విచ్

కెనడాలోని మాంట్రియల్‌లో సెయింట్ లారెంట్ వీధిలోని ష్వార్ట్జ్ హోటల్‌కు వెళ్ళేవారు లోపల కూర్చుని తినాలా, పక్కనే ఉన్న కౌంటర్‌లో పార్సిల్ కట్టించుకోవాలా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. వరుస ఎంత పొడవున్నా సరే, లోపలే కూర్చోమని నా సలహా.

రుమేనియా నుంచి వలస వచ్చిన యూదుడు రూబెన్ ష్వార్ట్జ్ 1928లో తెరిచిన ఈ హోటల్‌ను 2012లో గాయని సెలీన్ డియాన్, ఆమె భర్త రెనే ఆంజెలీల్ భాగస్వాములుగా ఉన్న బృందం కొనుగోలు చేసింది. యజమానులు మారినా ఇరుకైన గది, అపరిచితులతో కలిసి కూర్చోవలసిన బల్లలు అలాగే ఉన్నాయి. ముందుగా బల్ల కేటాయించుకునే వీలు లేదు.

ఇక్కడి ప్రత్యేకత స్మోక్డ్ మీట్, అంటే పొగబెట్టిన మాంసం. దానికోసం ఆవు రొమ్ము భాగపు మాంసానికి ఉప్పు, మసాలా దినుసులు పట్టించి సుమారు 10 రోజులు ఊరబెట్టి, పొగలో ఉడికించి, వడ్డించే ముందు ఆవిరి పట్టి, అడిగినప్పుడే చేత్తో ముక్కలు కోస్తారు. మాంట్రియల్ పద్ధతి మసాలాలో ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి ప్రధానం కనుక మొదటి ముద్దలోనే మన నాలుకకు ఆ ఘాటు పరిచయమైనదిగా తోస్తుంది. మెత్తని రై (గోధుమలాంటి ధాన్యం) బ్రెడ్డు, పసుపుపచ్చని ఆవపిండి ముద్ద తప్ప సాండ్‌విచ్‌లో వేరే ఏదీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. కొవ్వు తక్కువగా ఉన్న మాంసం త్వరగా పొడిబారుతుంది. ‘మీడియం ఫ్యాట్’ (ఓ మోస్తరు కొవ్వున్నది) అని అడిగితే కొవ్వు కరిగి బ్రెడ్డులోకి ఇంకుతుంది, దినుసుల రుచి అంతటా పడుతుంది. పార్సిల్‌లో చల్లారేసరికి ఆ కొవ్వు గడ్డకడుతుంది. లోపలే తినమనడానికి కారణం అదే.

ఊరగాయ దోసకాయ, పుల్లని క్యాబేజీ సలాడ్, నల్ల చెర్రీ సోడా తప్పక తీసుకోవాలి. కొవ్వు బరువును పులుపు చక్కగా తగ్గిస్తుంది. వడ్డన చురుకైనదే గాని, తిన్నాక తీరిగ్గా కబుర్లాడుకునే చోటు కాదు.

గొడ్డు మాంసం తిననివారిని మొహమాటపెట్టి ఇక్కడికి తీసుకురావడం నాకు సరికాదనిపిస్తుంది. వేపిన బంగాళాదుంపలు, సలాడ్‌తో పూట గడవదు. అటువంటివారు మాంట్రియల్‌లోనే ఉన్న మైల్ ఎండ్ పేటకు వెళ్ళి, తేనె నీటిలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాల్చిన వేడి బేగెల్ (నడుమ చిల్లున్న గుండ్రని రొట్టె) తింటే ఆ నగరపు యూదుల వంట గొప్పదనం అక్కడా తెలుస్తుంది. ష్వార్ట్జ్‌కు మాత్రం పనిదినాల్లో, మధ్యాహ్న భోజనవేళ దాటాక వెళ్ళండి. చలికాలంలో వరుస బయట వీధిలోనే నిలబడాలి కనుక మందపాటి కోటు తప్పనిసరి.