సన్నదా, లావుదా: సిగార్ సైజుల్లో ఏది మేలు?

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు వైపు పొగాకు చేత్తో పట్టి గ్రేడు చెప్పేవాళ్లకు కొదవ లేదు. సిగార్ దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలామంది ఒక మాట గట్టిగా నమ్ముతారు: లావైతే ఘాటు, సన్నమైతే తేలిక. అది నిజం కాదు.

ఘాటు ఆకును బట్టి వస్తుంది. సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకులో అడుగు ఆకుకూ కొస ఆకుకూ ఉన్న తేడా సిగార్ పొగాకులోనూ ఉంది. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి దళసరిగా పెరిగేది లిగెరో, నికోటిన్ దానిలో ఎక్కువ. నడిమి ఆకు సెకో వాసన ఇస్తుంది. అడుగున ఉండే వొలాడో చక్కగా మండుతుంది. వీటిలో ఏది ఎంత పెట్టి చుట్టారన్న దాన్నిబట్టే ఘాటు. సైజు తేల్చేవి వేరు: పొగ ఎంత వేడిగా నోటికొస్తుంది, సిగార్ చుట్టూ కప్పిన పై ఆకు రుచి ఎంత తెలుస్తుంది, ఎంతసేపు కాలుతుంది.

లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని అన్నది. 38 అంటే 15 మి.మీ., 42 అంటే 16.7, 50 అంటే దాదాపు 20, 60 అంటే 24కు కాస్త తక్కువ. 38 నుంచి 60కి వెళ్తే చుట్టుకొలత, అంటే పై ఆకు, ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన పెరుగుతుంది, లోపల పట్టే ఆకు మాత్రం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. లావయ్యే కొద్దీ లోపలి ఆకుదే పెత్తనం. మచ్చ, చిరుగు లేకుండా ఏరి తీసిన పై ఆకు రుచి అందులో మునిగిపోతుంది.

ఆ రుచి కోరుకునేవాళ్లకు లాన్సెరో మేలు: పొడవు ఏడున్నర అంగుళాలు, రింగ్ 38. ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. సిగరెట్ లాగినట్టు గబగబా లాగితే నిప్పు వేడెక్కి నాలుక చుర్రుమంటుంది, నోరంతా చేదు. అంత సన్నని గొట్టంలో ఒక్క ఆకు మడత అడ్డం పడ్డా గాలి ఆడదు.

రొబస్టో ఐదు అంగుళాలు, 50. ముప్పావు గంట నుంచి గంట. గాలి సులువుగా ఆడుతుంది, పొగ చల్లగా వస్తుంది, చుట్టడంలో చిన్న లోపమున్నా సర్దుకుంటుంది. మొదటిసారి పట్టుకునేవాళ్లకు ఇదే తగినది. ఆరు అంగుళాల 60 రింగ్ గోర్డో అలా కాదు. గంటన్నర పడుతుంది, దవడ నొప్పెడుతుంది, తరచూ దమ్ము లాగకపోతే ఆరిపోతుంది. ఒక్కోసారి నడిమధ్య కాలిపోతూ పై ఆకు పచ్చిగా మిగిలిపోతుంది. ఆరితే నుసి రాల్చి, లోపలున్న పాత పొగను ఒకసారి మెల్లగా బయటికి ఊది, అప్పుడు అంటించాలి. లేకపోతే మొదటి దమ్ము కంపు కొడుతుంది.

ఏడు అంగుళాల చర్చిల్ (47) తీరిక ఉన్నవాళ్లది. చివరి మూడో వంతులో ఏ సైజైనా ఘాటు ముదురుతుంది, ఎందుకంటే అప్పటిదాకా వచ్చిన పొగ తారు, తేమ అక్కడే పేరుకుంటాయి. అందుకే చివరిదాకా పీల్చాలన్న పట్టుదల వద్దు. ఇన్నింటిలో ఒక్కటే ఎంచమంటే ఐదున్నర అంగుళాల కరోనా, 42 రింగ్. పై ఆకు, లోపలి ఆకు రెండూ తెలుస్తాయి, ముప్పావు గంటలో అయిపోతుంది.

టార్పెడోకు మొన ఉంటుంది. మొదట 3 మి.మీ. మాత్రమే కోసి, అంటించకుండా ఒకసారి లాగి చూడాలి. గాలి బిగుతుగా ఉంటే మరికొంచెం కోయొచ్చు. ముందే ఎక్కువ కోస్తే మొన పెట్టిన ప్రయోజనమే పోతుంది. దీనికి గుండ్రని రంధ్రం చేసే పంచ్ కట్టర్ పనికిరాదు. మామూలు తిన్నని సిగార్‌కు క్యాప్, అంటే నోట్లో పెట్టుకునే కొసను మూసిన ఆకు ముక్క, దాని అంచు దాటి కోయకూడదు. దాటితే పై ఆకు విడిపోయి ఊడివస్తుంది. మన చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు.

ఏ సైజైనా పొగను గుండెల్లోకి లాగకూడదు. బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) వేడికి కొన్ని రోజుల్లో పండే వర్జీనియా ఆకులో చక్కెర నిలిచి ఉంటుంది, దాని పొగ పులుపు గుణంతో ఉంటుంది. సిగార్ ఆకును వారాల తరబడి గాలికి ఆరబెట్టి, గుట్టలు వేసి పులియబెడతారు. దాని పొగ క్షార గుణంతో ఉండి, నికోటిన్ నోటి పొరల గుండానే ఒంట్లోకి దిగుతుంది. లోపలికి లాగడం లేదు కదా అన్న ధీమా మాత్రం వద్దు: నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండొచ్చు. చిన్న సైజును మెచ్చడానికి ఇదీ కారణమే.

నెల్లూరు, ఒంగోలు తీరంలో వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. కార్తీకంలో వానలు పట్టినప్పుడు ఆకు తేమ తాగి ఉబ్బుతుంది, సన్నవి ముందు బిగుసుకుంటాయి. ఆ నెలల్లో రొబస్టో నయం. రోహిణి ఎండల్లో బయట వదిలేస్తే పై ఆకు పగులుతుంది. సముద్రపు గాలి కొట్టేచోట ఒక పక్కే కాలిపోతుంది కాబట్టి గాలి మరుగున కూర్చోవాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ వేసి, ఇంట్లో చల్లని గదిలో పెట్టాలి. 25 డిగ్రీలు దాటితే పొగాకు పెంకుపురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది, ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు అదే వేడి. కొత్తగా తెచ్చినవాటిని కవర్లో బిగించి డీప్ ఫ్రిజ్‌లో మూడు రోజులు, తర్వాత మామూలు ఫ్రిజ్ అరలో ఒక రోజు ఉంచి, ఆపైన బయటికి తీయాలి. నేరుగా తీస్తే ఆకు చిట్లుతుంది. సూదితో గుచ్చినట్టు రంధ్రం ఏ ఒక్కదానిపై కనిపించినా దాన్ని వెంటనే వేరుచేసి, మిగిలినవన్నీ మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి.