బోర్నే, హైనే: ముందు ఎవరిని చదవాలి?

1830ల్లో పారిస్‌లో ఉంటూ జర్మనీకి రాసిన పాత్రికేయుల్లో ఈ ఇద్దరి పేర్లూ జంటగానే వినిపిస్తాయి. ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లే. స్వభావంలో మాత్రం ఉప్పూ నిప్పూ.

లుడ్విగ్ బోర్నే 1786లో ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల వాడలో పుట్టాడు. ఊళ్లోనే పోలీసు శాఖలో ఉద్యోగం దొరికింది, నెపోలియన్ ఓడిపోయాక యూదుడన్న కారణంతో ఊడింది. 1818లో సొంత పత్రిక పెట్టాడు. పారిస్ నుంచి ఆయన రాసిన ఉత్తరాల్లో ఊరి వర్ణన తక్కువ, రాజకీయ వాదన ఎక్కువ.

హైన్‌రిక్ హైనే అలా కాదు. 1824లో గోటింగెన్‌లో లా చదువుతూ హార్జ్ కొండల్లో కాలినడకన తిరిగాడు. ఆ యాత్ర 1826లో అచ్చయింది. కొండలూ వాగులూ చూపిస్తూనే ప్రొఫెసర్లకు చురకలు వేస్తాడు, నిచ్చెనలు పట్టుకుని వెండి గనిలోకి దిగుతాడు. 1831లో పారిస్ చేరి ఆగ్స్‌బర్గ్ పత్రికకు వ్యాసాలు పంపాడు. 1835లో జర్మన్ సమాఖ్య ఆయన రచనలను నిషేధించింది. 1848 నుంచి 1856లో చనిపోయేదాకా మంచం మీదే ఉన్నా రాయడం ఆపలేదు.

మాట మీద నిలబడే మనిషి కావాలంటే బోర్నే. కానీ నన్నడిగితే ముందు హార్జ్ యాత్రే చేతిలో పెడతాను, నవ్వుతూ చదివించేది అదే.

అయితే హైనేని మరీ నెత్తిన పెట్టుకోలేం. బోర్నే 1837లో పోతే, 1840లో ఆయన మీద పుస్తకం రాసి, ఆయన స్నేహితురాలిని కూడా అవమానించాడు. 1841లో ఆమె భర్తతో పిస్తోళ్ల ద్వంద్వయుద్ధం జరిగింది. హైనే తుంటికి దెబ్బతో బయటపడ్డాడు.