యక్కాకు ఏది మేలు: తూర్పు బాల్కనీయా, దక్షిణం కిటికీయా, డాబానా?

హనుమకొండలోనో కాజీపేటలోనో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు యక్కా అనే పొడుగాకుల అలంకరణ మొక్క కుండీ పెట్టుకోవడానికి మామూలుగా దొరికే చోట్లు కొన్నే. తూర్పు బాల్కనీ, పడమటి బాల్కనీ, దక్షిణం కిటికీ, డాబా, లేదంటే హాల్లో సోఫా పక్కన. ఏడాది పొడవునా ఒక్కచోటే ఉంచుతాం, మాటిమాటికీ జరపలేం అనేవాళ్లకు నేను తూర్పు బాల్కనీయే చెప్తాను. కానీ కొంచెం ఓపిక ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు కుండీ జరపగలిగితే ఇంకా మంచి దారి ఉంది.

ముందు దక్షిణం కిటికీ సంగతి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చలిదేశాల వాళ్లు రాసిన సలహాల్లో యక్కాను దక్షిణం కిటికీ దగ్గర పెట్టమని ఉంటుంది. లండన్‌లో అది సరైన మాటే. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉంటాడు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ మే రెండో వారంలో ఒకసారి, జూలై నెలాఖరులో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్యలో పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా ఉత్తరం వైపే నడుస్తాడు. అంటే ఆ రెండున్నర నెలలు దక్షిణం కిటికీలోకి నేరుగా ఒక్క కిరణం కూడా రాదు. దానికి తోడు జూన్ నుంచి వానాకాలపు మబ్బులు. పుస్తకం చూసి అక్కడ పెట్టిన మొక్క సరిగ్గా ఏపుగా పెరగాల్సిన కాలంలో నీడన పడుతుంది.

అదే దక్షిణం కిటికీ చలికాలంలో బంగారం. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 48, 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. కిటికీ పై అంచు ఏడడుగుల ఎత్తులో ఉండి, దాని మీద రెండడుగుల సజ్జ ఉన్నా, ఎండ గదిలోకి నాలుగడుగుల దాకా వచ్చి పడుతుంది. అప్పుడు పగలు పదకొండు గంటలే కాబట్టి ఆ ఎండ మొక్కకు బాగా అక్కరకొస్తుంది. దసరా వెళ్లాక దక్షిణం కిటికీకి చేర్చి, శివరాత్రి దాటాక తీసేయడం మంచి పద్ధతి.

తూర్పు బాల్కనీ ఎందుకు గెలుస్తుందంటే, అక్కడ ఏ నెలలోనూ ఎండ పూర్తిగా తప్పిపోదు. ఎండాకాలంలో సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా, చలికాలంలో కొంచెం దక్షిణంగా పొడుస్తాడు. రెండు కాలాల్లోనూ పొద్దుటి ఎండ మొక్క మీద పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మొదలయ్యే వేళకు సూర్యుడు పైకెక్కి, పై అంతస్తు స్లాబు నీడ కుండీ మీదకు వచ్చేస్తుంది. ఒక్కటి చూసుకోవాలి. పక్క బిల్డింగ్ దగ్గరగా ఉంటే తూర్పు అన్న పేరే గాని తొమ్మిదింటి దాకా ఎండ రాదు. డిసెంబరులో ఒక పొద్దున, మేలో ఒక పొద్దున నిలబడి నీడ ఎటు పడుతోందో చూడండి. దిక్సూచి కన్నా అదే నమ్మకం.

పడమర విషయంలో నాకు అంత ధైర్యం లేదు. దసరా నుంచి శివరాత్రి దాకా పడమటి బాల్కనీ యక్కాకు హాయిగానే ఉంటుంది, సాయంత్రపు ఎండ బాగా తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇక్కడ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి గోడ కాలిపోయి, పొద్దు కుంకాక కూడా సెగ కొడుతూనే ఉంటుంది. వేరే చోటు లేనివాళ్లు మార్చి మొదట్లోనే 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టాలి. ఆకులు మాడాక కట్టి లాభం లేదు. తెల్లగా కాలిన మచ్చ మళ్లీ పచ్చబడదు, ఆ ఆకు రాలేదాకా అలాగే ఉంటుంది.

ఇంతకీ యక్కా ఎండకు ఓర్వలేని మొక్కేమీ కాదు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే, ముల్లు లేని మెత్తటి ఆకుల యక్కా పుట్టిల్లు దక్షిణ మెక్సికో, గ్వాటెమాల వైపు. ఆ ప్రాంతాలు దాదాపు మన అక్షాంశం మీదే ఉన్నాయి, కాబట్టి ఇక్కడి సూర్యుడి నడక దానికి కొత్త కాదు. సూదిమొన ఆకుల యక్కా ఇంకా గట్టిది, పూర్తి ఎండనే కోరుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం దాన్ని వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టకండి.

మరి ఆకులెందుకు కాలుతున్నాయి? రెండు కారణాలు. మొదటిది, మొక్క నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగి ఉంటుంది. దాన్ని తెచ్చిన రోజే డాబా ఎండలో పెడితే తట్టుకోలేదు. ముందు నీడన, తర్వాత పొద్దుటి ఎండలో గంట, రెండు గంటలు, అలా పెంచుకుంటూ రెండు వారాల్లో అలవాటు చేయాలి. హాల్లో నెలల తరబడి ఉన్న మొక్కను బయటికి తెచ్చినా ఇదే పద్ధతి. రెండోది కుండీ. నేలలో నాటిన యక్కా మే ఎండను తట్టుకుంటుంది, ఎందుకంటే వేర్లు చల్లటి లోపలి మట్టిలో ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోతాయి. డాబా మీద పెట్టేవాళ్లు మట్టి కుండీ గాని సిమెంటు కుండీ గాని వాడి, దాన్ని ఇటుకల మీద నిలబెట్టి, ఎండ తగిలే వైపు గోనెసంచి కట్టాలి. ఆకులకు ఎండ, వేర్లకు నీడ దొరికితే డాబా మీద యక్కా కాండం లావెక్కినట్టు ఇంకెక్కడా లావెక్కదు. కోతుల బెడద ఉన్న కాలనీల్లో డాబా ఆలోచన మానుకోవడమే మంచిది.

వానాకాలంలో అసలు చిక్కు వెలుగూ నీళ్లూ కలిసి తెస్తాయి. నడి ఎండలో లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉండే వెలుతురు, ముసురు పట్టిన రోజు ఆరుబయటే పది వేలకో అంతకన్నా తక్కువకో పడిపోతుంది. అదే రోజు హాల్లో, కిటికీకి ఆరడుగుల దూరంలో కొన్ని వందలే ఉంటుంది. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి చూస్తే ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. మన కంటికి అది వెలుతురు గదే, మొక్కకు చీకటి. వెలుగు తగ్గితే యక్కా నీళ్లు తాగడం కూడా తగ్గిస్తుంది. అప్పుడు ఎండాకాలపు లెక్కన పోస్తే కాండం అడుగున మెత్తబడి కుళ్లుతుంది. జూలై, ఆగస్టుల్లో వాన నేరుగా పడకుండా, ఆకాశం కనబడేలా బాల్కనీ అంచుకు జరపండి. మట్టిలో వేలు పెట్టి, లోపలి దాకా ఆరిందని తేలాకే నీళ్లు పోయండి.

ఇక హాల్లో సోఫా పక్కన. కొన్ని నెలలు చావదు గాని బతికినట్టూ ఉండదు. కొత్తాకులు సన్నగా, పొడుగ్గా, వెలిసిపోయి వస్తాయి, మొక్క మొత్తం కిటికీ వైపు ఒరుగుతుంది. హాలుకు అందం కావాలంటే రెండు యక్కాలు కొని, ఒకటి హాల్లో, ఒకటి తూర్పు బాల్కనీలో ఉంచి, రెండు మూడు వారాలకోసారి మార్చుకోవడం నాకు నచ్చిన పద్ధతి. తూర్పు ఎండ మెత్తనిది కాబట్టి ఆ మార్పును తట్టుకుంటుంది. పడమటి బాల్కనీతో ఈ పని చేయొద్దు. కిటికీ లేని షాపు, క్లినిక్ లాంటి చోట్లయితే ఫుల్ స్పెక్ట్రమ్ ఎల్ఈడీ గ్రో లైటు, అంటే మొక్కల కోసమే చేసిన లైటు, ఆకులకు అడుగున్నర దూరంలో రోజుకు పన్నెండు గంటలు వెలిగించాలి. ఇంట్లో ఒక్క బాల్కనీ ఉన్నా ఆ లైటు మీద డబ్బు పెట్టక్కర్లేదు.

ఎక్కడున్నా వారం పది రోజులకోసారి కుండీని పావు వంతు తిప్పండి, ఆకుల మీది దుమ్ము తడిబట్టతో తుడవండి. రోడ్డు పక్క ఇళ్లలో ఆ దుమ్ము కూడా ఒక పరదాయే. ఇప్పటికే పొడుగ్గా సాగి ఒరిగిపోయిన మొక్కను వెలుగులోకి తెచ్చినా పాత కాండం నిటారు కాదు. మృగశిర కార్తె వచ్చి గాలి చల్లబడ్డాక కాండాన్ని కావలసిన ఎత్తులో కోసేయండి. కోసిన చోటు కింద నుంచి కొత్త పిలకలు వస్తాయి. కోసిన తలను నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, దొడ్డు ఇసుక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చితే అదీ వేర్లు పట్టి ఇంకో మొక్క అవుతుంది.