గిట్టల జంతువుల జన్యు మార్కర్ల తయారీ సేవ: పని బాగుంది, పరీక్ష రక్తం దగ్గరే ఆగింది

అంతరించే ప్రమాదంలో ఉన్న ఒక జింకజాతి మందలో ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో తేల్చేందుకు మార్కర్లు (డీఎన్ఏలో జంతువుకూ జంతువుకూ తేడా చూపే గుర్తులు) తయారుచేసి ఇచ్చే పనిని మేము ఒక ప్రయోగశాలకు అప్పగించాం. ఇటువంటి సేవ తీసుకోబోయేవారి కోసం ఆ అనుభవం రాస్తున్నాను.

ఆవులకు, గొర్రెలకు ఎప్పుడో తయారైన ప్రైమర్లనే (మార్కర్ ఉన్న చోటుకు అతుక్కునే పొట్టి డీఎన్ఏ ముక్కలు) తెచ్చి అంటగట్టకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. దగ్గరి జాతుల్లో అవి చాలావరకు పనిచేస్తాయి, ఖర్చూ తగ్గుతుంది. కానీ ప్రైమర్ అతుక్కోవలసిన చోట ఒక్క డీఎన్ఏ అక్షరం మారినా ఒక అల్లీల్ (తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన మార్కర్ రూపం) పీసీఆర్‌లో, అంటే డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతిలో, పెరగకపోవచ్చు. అప్పుడు రెండు రకాల అల్లీళ్లున్న జంతువు ఒకే రకం ఉన్నట్టు కనిపించి, కన్నతండ్రినే తండ్రి కాదని కొట్టేసే ప్రమాదం ఉంటుంది. ఈ ప్రయోగశాల మా జింకల డీఎన్ఏనే సీక్వెన్స్ చేసి, నాలుగేసి అక్షరాలు వరుసగా పునరావృతమయ్యే మైక్రోశాటిలైట్లను ఎంచుకుంది. రెండక్షరాల వాటిలో ఫలితపు గ్రాఫులో అసలు శిఖరం పక్కనే చిన్న శిఖరాలు పుట్టి చదవనివ్వవు. వీటిలో శిఖరాలు విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి. పైగా, తెలిసిన తల్లీపిల్లల జతలపై పరీక్షించి, పొంతన కుదరని మార్కర్లను వారే తొలగించారు.

మార్కర్ల సంఖ్య విషయంలో మాత్రం గట్టిగా అడగాలి. అరేబియన్ ఓరిక్స్ అనే ఎడారి జింక 1972 నాటికి అడవిలో అంతరించగా, పెంపకంలో మిగిలిన వాటి సంతానాన్ని 1982లో ఒమన్‌లో తిరిగి వదిలారు. మధ్య ఆసియా అడవి గుర్రాలైన నేటి ప్రజ్వాల్‌స్కీ గుర్రాలన్నీ పట్టుమని పదిహేను కూడా లేని పూర్వీకుల సంతానమే. ఇలాంటి మందల్లో అన్నీ దగ్గరి చుట్టాలే కనుక, వైవిధ్యం ఉన్న జాతికి సరిపోయే సంఖ్య ఇక్కడ సరిపోదు.

అసలు లోపం వేరే ఉంది. పరీక్షలన్నీ తాజా రక్తంపైనే జరిగాయి. అడవిలో మనకు దొరికేవి పెంటికలు. ఎండకు, తేమకు వాటిలోని డీఎన్ఏ ముక్కలైపోతుంది, పొడవైన మార్కర్లు అసలు పెరగవు. నివేదికలో ఆ ప్రస్తావనే లేదు. అడిగాక పొట్టి ముక్కలనే పెంచే ప్రైమర్లు రూపొందించి ఇచ్చారు గాని, దానికి వేరే రుసుము తీసుకున్నారు. కొత్తగా మొదలుపెట్టేవారు ఎస్‌ఎన్‌పీ మార్కర్లు (డీఎన్ఏలో ఒకే అక్షరం తేడాను చూసేవి) కోరడమే మేలని నా అభిప్రాయం: వాటికి చిన్న ముక్కలు చాలు, వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలూ సులువుగా పోల్చుకోవచ్చు.

రక్తం తీయగలిగే మందలకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. పెంటికలపైనే ఆధారపడేవారు ఎండిన నమూనాలను ముందే పంపి, వాటి ఫలితం చూశాకే మిగతా సొమ్ము చెల్లించేలా ఒప్పందం రాసుకోవాలి.